ఒక ఉత్తరం, ఒక ఉపన్యాసం: న్యాయశాఖ మంత్రిగా పి. శివశంకర్

1981 మార్చి 18. ఢిల్లీలోని కేంద్ర న్యాయశాఖ నుంచి పంజాబ్ గవర్నర్‌కూ, పలు రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ ఒక ఉత్తరం బయల్దేరింది. ప్రతి హైకోర్టులోనూ మూడోవంతు జడ్జీలు వీలైనంతవరకు బయటి రాష్ట్రాల వాళ్లై ఉండాలని ఎన్నో ఏళ్లుగా పలు సంఘాలు, కమిషన్లు చెబుతున్నాయని, కులం, బంధుత్వం, స్థానిక సంబంధాల వల్ల పుట్టే సంకుచిత ధోరణులను తగ్గించడానికి ఇది అవసరమని అందులో ఉంది. కాబట్టి మీ హైకోర్టులో అదనపు జడ్జీలుగా ఉన్నవాళ్లందరినీ వేరే హైకోర్టులో శాశ్వత జడ్జీగా వెళ్లడానికి ఇష్టమేనా అని అడగండి, ఇష్టమైతే మూడు హైకోర్టుల పేర్లు వరసగా రాయించుకోండి, కొత్తగా జడ్జీలుగా సిఫార్సు చేసేవాళ్ల దగ్గరా ఇదే అంగీకారం తీసుకోండి, అన్నీ కలిపి పదిహేను రోజుల్లో పంపండి అని కోరింది ఆ ఉత్తరం. చివర్లో ఇంకో మాట. ఒప్పుకున్నంత మాత్రాన, కోరుకున్న హైకోర్టు పేరు రాసినంత మాత్రాన ప్రభుత్వం ఏ హామీకీ కట్టుబడినట్టు కాదు.

కింద సంతకం న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్‌ది.

పేజీన్నర కూడా లేని కాగితం. కానీ ఆ కాగితం మీద దేశంలోని పెద్ద లాయర్లు మూడు హైకోర్టుల్లో కేసులు వేశారు. ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ ఏడాది చివరిదాకా దాన్ని విచారించింది. ఈరోజు పత్రికల్లో రోజూ కనిపించే ‘కొలీజియం’, అంటే జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందం, అనే మాట కూడా ఆ కేసు తీర్పులోనే మొదటిసారి వినిపించింది. ఒక తెలుగు లాయరు మంత్రి అయ్యాక ఏం చేయగలిగాడు, ఏం చేయకుండా ఉండాల్సింది అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ ఉత్తరంలో కరకు ఎక్కడుందో తెలియాలంటే ముందు అదనపు జడ్జీ అంటే ఎవరో తెలియాలి. హైకోర్టులో పని పెరిగిపోయినప్పుడు, పెండింగ్ కేసులు పేరుకుపోయినప్పుడు రాజ్యాంగంలోని 224వ అధికరణం కింద రెండేళ్లకు మించని గడువుతో తీసుకునే జడ్జీ. వాడుకలో మాత్రం జడ్జీ కావాలంటే ఎక్కాల్సిన మొదటి మెట్టు అదే అయిపోయింది. బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని, ఫైళ్లన్నీ జూనియర్లకు అప్పగించి, బార్ నుంచి బెంచ్ మీదికి వచ్చిన మనిషి రెండేళ్ల గడువు మీద కూర్చుంటాడు. గడువు తీరేలోగా శాశ్వతం చేస్తారనే నమ్మకంతో వస్తాడు. చేయకపోతే? మళ్లీ అదే కోర్టులో నల్లగౌను వేసుకుని, నిన్నటిదాకా తన పక్కన కూర్చున్నవాళ్ల ముందు నిలబడి వాదించాలి.

అలాంటి మనిషి చేతికి ఈ కాగితం వచ్చిందనుకోండి. మూడు ఖాళీలున్నాయి. గువాహటి రాయాలా, పట్నా రాయాలా, కేరళ రాయాలా? ఏమీ రాయకపోతే ఏమవుతుంది? ఏమవుతుందో ఉత్తరంలో లేదు. కానీ గడువు పొడిగించే ఫైలు ఏ శాఖలో కదులుతుందో ఆ శాఖ నుంచే ఈ ప్రశ్న వచ్చింది. మెడమీద కత్తి పెట్టి ‘ఇష్టమేనా’ అని అడిగితే వచ్చే జవాబును ఏ లాయరూ సమ్మతి అనడు. కాంట్రాక్టు చట్టం చదివే మొదటి ఏడాది విద్యార్థికి కూడా ఈ సంగతి తెలుసు. శివశంకర్‌కు ఇంకా బాగా తెలుసు. ఎందుకంటే ఆయన లాయరే కాదు, హైకోర్టు జడ్జీగా కూర్చుని వచ్చినవాడు కూడా.

పుంజాల శివశంకర్ 1929 ఆగస్టు 10న హైదరాబాద్ శివార్లలోని మామిడిపల్లిలో పుట్టారు. మున్నూరు కాపు కుటుంబం. డిగ్రీ చదివింది ఎక్కడో అమృత్‌సర్ హిందూ కాలేజీలో, లా చదివింది ఉస్మానియాలో. నిజాం కాలంలో ఉర్దూలో నడిచిన కోర్టులు ఇంగ్లీషులోకి మారి, 1956లో గుంటూరు నుంచి ఆంధ్ర హైకోర్టు వచ్చి హైదరాబాద్ హైకోర్టుతో కలిసిన రోజులవి. మూసీ ఒడ్డున ఎర్రరాతి భవనంలో రెండు ప్రాంతాల బార్‌లు ఒకటయ్యాయి. అప్పటి బార్‌లో పేరున్న ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లకు, తాతల నాటి సీనియర్ల ఆఫీసులున్న వాళ్లకు తోవ వేరు, మొదటి తరం లాయరుకు తోవ వేరు. వెనకబడిన కులం నుంచి వచ్చిన మొదటి తరం లాయరు అక్కడ ప్రాక్టీసు నిలబెట్టుకుని హైకోర్టు బెంచ్ దాకా వెళ్లాడంటే చిన్న విషయం కాదు.

1974లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జీ అయ్యారు. మరుసటి ఏడాదే, 1975లో రాజీనామా చేశారు. అరవై రెండేళ్లదాకా ఉండే ఉద్యోగం, ఆ పైన పెన్షన్, వీటన్నిటినీ నలభై అయిదారేళ్ల వయసులో వదిలేసి మళ్లీ లాయరుగా వచ్చారు. ఎమర్జెన్సీ తర్వాత ఇందిరాగాంధీ అధికారం పోయి, కేసులు చుట్టుముట్టి, చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటున్న కాలంలో ఆమెకు దన్నుగా నిలిచిన లాయర్లలో ఒకరయ్యారు. 1979లో సికింద్రాబాద్ ఉపఎన్నికలో లోక్‌సభకు గెలిచారు. 1980 జనవరిలో అక్కడే మళ్లీ గెలిచారు, వెంటనే కేంద్ర న్యాయశాఖ మంత్రి అయ్యారు. పార్లమెంటులో అడుగుపెట్టి ఏడాది నిండిందో లేదో న్యాయశాఖ చేతికొచ్చింది. ఎంపీగా, మంత్రిగా నేర్చుకోవాల్సింది ఆయన కుర్చీలో కూర్చునే నేర్చుకున్నారు. కోర్టుల గురించి మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. అంతటి ధీమా కూడా ఆ ఉత్తరంలో కనిపిస్తుంది.

ఆ ధీమా వెనక పదమూడేళ్ల తగవు ఉంది. 1967లో మన తెలుగువాడైన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, పంజాబ్‌లోని గోలక్‌నాథ్ కుటుంబ భూముల కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తగ్గించలేదని సుప్రీంకోర్టు తేల్చింది. 1970లో బ్యాంకుల జాతీయకరణ చట్టాన్ని కొట్టేసింది, రాజభరణాల రద్దునూ కొట్టేసింది. 1973లో కాసరగోడ్ దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి కేసులో పదమూడుగురు జడ్జీలు ఏడు, ఆరుగా చీలి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఎవరూ మార్చలేరని తీర్పిచ్చారు. ఆ మర్నాడే ప్రభుత్వం ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. శివశంకర్ మంత్రి అయిన ఏడాది జూలైలోనే మినర్వా మిల్స్ కేసులో, ఎమర్జెన్సీలో చేసిన 42వ రాజ్యాంగ సవరణలోని ముఖ్యమైన భాగాలు కూడా పోయాయి. ఇందిరా కాంగ్రెస్ దృష్టిలో పేదవాడి కోసం చేసిన ప్రతి చట్టానికీ కోర్టు అడ్డుపడింది. కోర్టు దృష్టిలో ప్రభుత్వం హద్దు మీరిన ప్రతిసారీ తాను కాపలా కాసింది. రెండిట్లోనూ నిజం ఉంది, అందుకే ఆ తగవు అంత కాలం నడిచింది.

బదిలీల విషయంలో అయితే గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఎమర్జెన్సీలో, 1976లో, ప్రభుత్వం పదహారుమంది హైకోర్టు జడ్జీలను ఒక్క దెబ్బకు బదిలీ చేసింది. వాళ్లలో గుజరాత్ హైకోర్టు జడ్జీ సంకల్‌చంద్ సేఠ్ కూడా ఉన్నారు. ఆయన్ను పంపింది హైదరాబాద్‌కే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు. ఆయన వచ్చి చేరారు, చేరుతూనే కేసు వేశారు. 1977లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బదిలీకి జడ్జీ సమ్మతి అక్కర్లేదు గానీ, ప్రధాన న్యాయమూర్తిని నిజంగా, అన్ని కాగితాలూ ముందు పెట్టి సంప్రదించాలని మెజారిటీ చెప్పింది. ప్రభుత్వమే ఆ జడ్జీలను వెనక్కి పంపడానికి ఒప్పుకుంది. బదిలీ అనే మాట వింటేనే లాయర్లకు టెన్షన్ పట్టుకునే రోజుల్లో, నాలుగేళ్లు తిరక్కముందే, అదే నాయకురాలి ప్రభుత్వం నుంచి ఈ ఉత్తరం వచ్చింది.

బయటి జడ్జీల ఆలోచన చెడ్డదని అనలేం. ఒకే ఊరి బార్‌లో ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషి అదే ఊరి బెంచ్ మీద కూర్చుంటే, ఎదురుగా వాదించేవాళ్లలో తమ్ముడి కొడుకో, పాత జూనియరో, వియ్యంకుడి తరఫు వాళ్లో ఉండటం మామూలే. తెలుగు రాష్ట్రాల్లో కోర్టు మెట్లెక్కిన ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. బయటినుంచి వచ్చిన జడ్జీకి ఆ ముడులు ఉండవు. ఇంకోవైపు ఆయనకు భాష రాదు. హైకోర్టు భాష ఇంగ్లీషే అయినా, ఆస్తి కేసులో అసలు ప్రాణం తెలుగులో రాసిన విక్రయ దస్తావేజులో, పహాణీ నకలులో, కింది కోర్టులో సాక్షి చెప్పిన వాంగ్మూలంలో ఉంటుంది. వాంగ్మూలంలో ‘వాడు చెయ్యి చేసుకున్నాడు’ అని ఉంటే, అనువాదం చేసేవాడు ఎలా రాస్తే జడ్జీ అలా చదువుతాడు. లాభం, నష్టం రెండూ ఉన్న విధానం ఇది. చట్టసభలో చర్చించి, జడ్జీలందరికీ ఒకే రకంగా వర్తించే నియమంగా పెట్టి ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేకపోయేవారు. శివశంకర్ అలా చేయలేదు. ఉద్యోగం గడువు మీద ఉన్నవాళ్లనే ఎంచుకుని అడిగారు. ఆలోచన సరైనదే అయినా పట్టుకున్న పనిముట్టు తప్పు.

ఢిల్లీ హైకోర్టులో జరిగింది చూస్తే ఆ గడువు ఎంత పలచగా ఉండేదో తెలుస్తుంది. ఒ.ఎన్. వోహ్రా, ఎస్.ఎన్. కుమార్, ఎస్.బి. వాడ్ అనే ముగ్గురు అదనపు జడ్జీల రెండేళ్ల గడువు 1981 మార్చి మొదటి వారంలో ముగిసింది. వాళ్లకు ఇచ్చిన పొడిగింపు మూడు నెలలు. మూడే నెలలు! హైకోర్టు జడ్జీ పదవికి మూడు నెలల గడువు. జూన్‌లో వాడ్‌కు మాత్రం ఇంకో ఏడాది ఇచ్చారు. మిగతా ఇద్దరూ ఇంటికి వెళ్లారు. కుమార్ నిజాయితీ మీద తనకు అనుమానాలున్నాయని ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి న్యాయశాఖ మంత్రికి రాశారు. భారత ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ వివరాలు అడిగి, ఆధారం లేదని, కొనసాగించమని అన్నారు. ఇద్దరు ప్రధాన న్యాయమూర్తుల మాట పొసగనప్పుడు మంత్రి ఢిల్లీ ప్రధాన న్యాయమూర్తి మాట తీసుకున్నారు. పైగా మే నెలలో ఢిల్లీ ప్రధాన న్యాయమూర్తి మంత్రికి రాసిన ఒక ఉత్తరాన్ని భారత ప్రధాన న్యాయమూర్తికి చూపించవద్దని కోరారు, చూపించలేదు కూడా. సంప్రదింపు అంటే అన్ని కాగితాలూ ముందు పెట్టడం అని నాలుగేళ్ల కిందటే చెప్పిన కోర్టు ముందుకు ఈ కేసు వెళ్లింది.

బొంబాయిలో ఇక్బాల్ చాగ్లా, ఢిల్లీలో వి.ఎం. తార్కుండే, అలహాబాద్‌లో ఎస్.పి. గుప్తా వేసిన పిటిషన్లన్నీ కలిపి సుప్రీంకోర్టు ఒక్కచోట విన్నది. అప్పటికి శివశంకర్ పార్లమెంటులో మంత్రి, కోర్టులో ప్రతివాది. ప్రభుత్వం మొదట, ఈ లాయర్లకు కేసు వేసే అర్హతే లేదంది. ఎవరికి నష్టం జరిగిందో వాళ్లు రావాలి గానీ వీళ్లెవరు అని అడిగింది. జస్టిస్ పి.ఎన్. భగవతి దానికి ఇచ్చిన జవాబు దేశ చరిత్రలో మిగిలిపోయింది. ప్రజాప్రయోజనం ఉన్న విషయంలో, సదుద్దేశంతో వచ్చిన పౌరుడు ఎవరైనా కోర్టు తలుపు తట్టవచ్చు. ఇవాళ చెరువు కబ్జా మీద, ఆసుపత్రిలో మంచాల మీద మామూలు మనిషి వేసే ప్రజాప్రయోజన వ్యాజ్యానికి (పిల్‌కు) పునాది ఆ పేరాలే. ప్రభుత్వం తర్వాత, ఉత్తరాలు రహస్యం, బయటపెట్టం అంది. మంత్రికీ ఇద్దరు ప్రధాన న్యాయమూర్తులకీ మధ్య నడిచిన ఉత్తరాలను కోర్టు బయటపెట్టించింది. పాలన గురించి తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని, అది వాక్ స్వాతంత్ర్యంలో భాగమని భగవతి రాశారు. సమాచార హక్కు చట్టం రావడానికి ఇంకా ఇరవై నాలుగేళ్లు ఉందప్పటికి.

1981 డిసెంబర్ 30న తీర్పు వచ్చింది. ఏడుగురూ విడివిడిగా రాశారు. అసలు విషయంలో మాత్రం శివశంకర్ గెలిచారు. జడ్జీల నియామకంలో ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయం తీసుకోవాలి గానీ దానికి కట్టుబడాల్సిన పనిలేదు, సంప్రదింపు అంటే సమ్మతి కాదు, ఆఖరి మాట ప్రభుత్వానిదే అని మెజారిటీ తేల్చింది. మార్చి 18 నాటి ఉత్తరం నిలిచింది. కుమార్‌కు పదవి తిరిగి రాలేదు. పట్నా ప్రధాన న్యాయమూర్తి కె.బి.ఎన్. సింగ్‌ను మద్రాసుకు పంపిన బదిలీ కూడా నిలిచింది. అయితే ఆ గెలుపులోనే ఓటమి విత్తనం ఉంది. నియామకం ఒక మనిషి చేతిలో ఉండటం మంచిది కాదని, విస్తృతమైన ఒక కొలీజియం ఉంటే బాగుంటుందని భగవతి అదే తీర్పులో సూచించారు. పన్నెండేళ్ల తర్వాత, 1993 అక్టోబర్‌లో, తొమ్మిదిమంది జడ్జీలు ఎస్.పి. గుప్తా పేరుతో నిలిచిన ఈ తీర్పును తోసిపుచ్చి ఆఖరి మాటను ప్రభుత్వం నుంచి లాక్కున్నారు. ఆ లాక్కోవడానికి కారణాలు వెతికితే, మూడు నెలల పొడిగింపులూ, మూడు ఖాళీల కాగితమూ మొదటి వరసలో కనిపిస్తాయి. అధికారాన్ని అలా వాడినందువల్లే అది చేజారింది. తీర్పు వచ్చిన రెండు వారాలకు, 1982 జనవరిలో, శివశంకర్‌ను న్యాయశాఖ నుంచి పెట్రోలియం శాఖకు మార్చారు.

ఇంతవరకూ చెప్పింది చూస్తే ఆయన కథ కోర్టుల మీద పెత్తనం చేయబోయిన మంత్రి కథలా ఉంటుంది. అలా ఆపేస్తే అన్యాయం. 1980 డిసెంబర్ మొదటి పది రోజుల్లో సుప్రీంకోర్టుకు జరిగిన రెండు నియామకాలు చూడాలి. డిసెంబర్ 4న బహరుల్ ఇస్లాం వచ్చారు. పదేళ్లు కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడిగా ఉండి, గువాహటి హైకోర్టు జడ్జీ అయి, ప్రధాన న్యాయమూర్తిగా అదే ఏడాది మార్చిలో రిటైర్ అయిన మనిషి. రిటైరై ఇంట్లో ఉన్న హైకోర్టు జడ్జీని సుప్రీంకోర్టుకు తీసుకోవడం ఎవరికీ మింగుడు పడలేదు. 1983లో ఆయన కోర్టుకు రాజీనామా చేసి తిరిగి కాంగ్రెస్ రాజకీయాల్లోకి వెళ్లాక ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. సరిగ్గా ఆరు రోజులకు, డిసెంబర్ 10న, మద్రాసు హైకోర్టు నుంచి ఎ. వరదరాజన్ వచ్చారు. సుప్రీంకోర్టు పుట్టిన ముప్ఫై ఏళ్లకు ఆ బెంచ్ మీద కూర్చున్న మొదటి దళితుడు ఆయన. ప్రధాన న్యాయమూర్తి మాటే ఆఖరి మాట అని మురిసిపోయిన ముప్ఫై ఏళ్ల పెద్దమనుషుల సంప్రదాయంలో ఒక్క దళిత జడ్జీ కూడా ఎవరికీ కనబడలేదు. రాజకీయ కారణాలతోనే కావచ్చు, ఇందిర ప్రభుత్వానికి, ఆ శాఖ చూస్తున్న బీసీ మంత్రికి కనబడ్డాడు.

ఈ రెండు నియామకాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా శివశంకర్ గురించి ఎవరేం రాసినా అది సగమే అవుతుంది. ఒకే అధికారం, ఒకే మంత్రి, ఒకే వారం. ఒకటి పార్టీ మనిషికి తెరిచిన తలుపు, రెండోది తరాలుగా మూసి ఉన్న తలుపు. అధికారం ప్రభుత్వం చేతిలో ఉండటం వల్ల మొదటిది ఎంత తేలికో రెండోదీ అంతే తేలిక. జడ్జీల చేతికి వెళ్లాక మొదటిది కష్టమైంది, మంచిదే. రెండోది కూడా కష్టమైంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

శివశంకర్ మాట్లాడారు. 1987 నవంబర్ 28న హైదరాబాద్‌లో, బార్ కౌన్సిల్ ఏర్పాటు చేసిన సభలో. అప్పటికి రాజీవ్‌గాంధీ ప్రభుత్వంలో న్యాయశాఖ మళ్లీ ఆయన చేతిలో ఉంది. తన ఊరు, తన బార్, తెలిసిన మొహాలు. రాజ్యాంగం కింద చట్టసభ, ప్రభుత్వం, కోర్టు ఎవరికి జవాబుదారీ అన్నది అంశం. పై వర్గాల నుంచి వచ్చిన జడ్జీలతో నిండిన సుప్రీంకోర్టుకు ఉన్నవాళ్ల మీద, జమీందార్ల మీద దాచుకోలేని సానుభూతి ఉందన్నారు. కేశవానంద లాంటి మఠాధిపతులకు, గోలక్‌నాథ్ లాంటి జమీందార్లకు ఈ దేశంలో సుప్రీంకోర్టులో తప్ప ఇంకెక్కడా సానుభూతి దొరకలేదన్నారు. బ్యాంకుల యజమానులకు ఎక్కువ పరిహారం కోర్టు వల్లే దక్కిందన్నారు. అక్కడితో ఆగలేదు. విదేశీ మారక చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లు, కోడళ్లను తగలబెట్టినవాళ్లు, అభివృద్ధి నిరోధకులు అందరికీ సుప్రీంకోర్టు ఆశ్రయమైందని కూడా అన్నారు.

మంత్రి నోట, పైగా ఒకప్పటి జడ్జీ నోట ఆ మాటలు రావడం దుమారం రేపింది. సుప్రీంకోర్టు లాయరు పి.ఎన్. డూడా కోర్టు ధిక్కరణ పిటిషన్ వేశారు. ధిక్కరణ చట్టం కింద బయటి వ్యక్తి కేసు వేయాలంటే అటార్నీ జనరల్ గానీ సొలిసిటర్ జనరల్ గానీ రాతపూర్వకంగా అనుమతివ్వాలి. వాళ్లే ప్రభుత్వ లాయర్లు, నిందితుడేమో అదే ప్రభుత్వంలో మంత్రి. ఆ చిక్కుముడి కూడా ఈ కేసులో భాగమైంది.

ఆ జడ్జీల ముందు పాత దారి ఒకటి ఉంది. 1967లో కేరళ ముఖ్యమంత్రిగా ఉన్న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్, జడ్జీలు వర్గ ద్వేషాలకు, వర్గ ప్రయోజనాలకు లోబడి తీర్పులిస్తారని విలేకరుల సమావేశంలో అన్నారు. హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 1970లో సుప్రీంకోర్టు జరిమానాను యాభై రూపాయలకు తగ్గించింది గానీ నేరం మాత్రం నేరమే అంది. శివశంకర్ మాటలు నంబూద్రిపాద్ మాటలకంటే మెత్తనివేమీ కావు, నిజానికి ఇంకా ఘాటు. అయినా 1988 ఏప్రిల్‌లో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ, జస్టిస్ ఎస్. రంగనాథన్ పిటిషన్ కొట్టేశారు. ఉపన్యాసం మొత్తం చదివితే అది న్యాయవ్యవస్థ మీద ఒక అధ్యయనం, ఒక విమర్శ, దానివల్ల న్యాయపాలన ఆగిపోదు అన్నారు. హైకోర్టు జడ్జీగా పనిచేసిన మంత్రి కొన్ని మాటలు అనకుండా ఉండాల్సిందని, భాష మెత్తగా ఉంచి వాస్తవాలను పదునుగా పెట్టి ఉంటే ఆయన అనుకున్నది ఇంకా బాగా నెరవేరేదని కూడా రాశారు.

ఆ చివరి మాట ఆయన జీవితమంతటికీ సరిపోతుంది. ఆయన చేతిలో వాస్తవాలున్నాయి. సుప్రీంకోర్టులో ముప్ఫై ఏళ్లదాకా దళితుడు లేడన్నది వాస్తవం. భూసంస్కరణ చట్టాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో ఇరుక్కున్నాయన్నది వాస్తవం. ఆ రెండూ అంకెలతో, కేసులతో చెప్పి ఊరుకుంటే జవాబు చెప్పడం కోర్టుకు కష్టమయ్యేది. కోడళ్లను తగలబెట్టినవాళ్ల ఆశ్రయం అనేసరికి చర్చంతా ఆ ఒక్క వాక్యం మీదికి పోయింది. జడ్జీలు ఎక్కడి నుంచి వస్తున్నారన్న అసలు ప్రశ్న పక్కకు పోయింది. మరోవైపు, ఆ కేసులో వచ్చిన తీర్పు వల్ల జడ్జీల వర్గ స్వభావం గురించి మాట్లాడటం నేరం కాదని స్థిరపడింది. ఇవాళ ఒక జర్నలిస్టో, లా ప్రొఫెసరో తీర్పుల వెనక కులాన్ని, వర్గాన్ని చర్చిస్తూ భయం లేకుండా రాయగలుగుతున్నారంటే, డూడా కేసు వాళ్ల వెనక ఉంది.

మిగతా జీవితం త్వరగానే చెప్పుకోవచ్చు. 1985లో గుజరాత్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. విదేశాంగం, వాణిజ్యం, ప్రణాళిక, మానవ వనరులు, ఇలా శాఖలు మారుతూ వచ్చాయి. 1989లో కాంగ్రెస్ ఓడిపోయాక రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఏడాదికి పైగా ఉన్నారు. ఆ తర్వాత సిక్కిం, కేరళ గవర్నర్‌గా పనిచేశారు. 1998లో ఆంధ్ర ప్రాంతంలోని తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. తెలంగాణలో పుట్టి, సికింద్రాబాద్‌లో మొదలుపెట్టి, గుజరాత్ మీదుగా తెనాలి చేరిన పార్లమెంటు జీవితం అది. 2017 ఫిబ్రవరి 27న హైదరాబాద్‌లో చనిపోయారు. మంత్రి పదవులు ఎన్ని చేసినా, లా పుస్తకాల్లో ఆయన పేరు రెండు చోట్లే ఉంది. ఒకచోట ఉత్తరం, ఇంకోచోట ఉపన్యాసం.

ఆయన అడిగినవి రెండు. జడ్జీలను బయటి నుంచి తేవాలని ఒకటి, జడ్జీలు ఏ వర్గం నుంచి వస్తున్నారని రెండోది. మొదటిదానికి జవాబు వచ్చేసింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బయటి రాష్ట్రం వాళ్లే ఉండాలన్న విధానం 1983 నుంచి ఉంది. హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో బయటివాళ్లే కూర్చుంటున్నారు. 1981లో అదనపు జడ్జీలను సమ్మతి అడిగినందుకు దేశం అట్టుడికింది. ఇవాళ కొలీజియం ఒక జడ్జీని బదిలీ చేయాలంటే ఆ జడ్జీ సమ్మతి అడగాల్సిన పనే లేదు, నియామకాల విధివిధానాల్లోనే ఆ మాట రాసి ఉంది. శివశంకర్ కోరిన అధికారం బతికే ఉంది, చేతులు మారింది అంతే.

రెండో ప్రశ్న అక్కడే ఉంది. 2015 అక్టోబర్ 16న, జడ్జీల నియామకానికి జాతీయ కమిషన్ పెట్టిన 99వ రాజ్యాంగ సవరణను సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా కొట్టేసింది. ఆ ఒక్కరు కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియంలో ఏం జరుగుతుందో బయటి ప్రపంచానికే కాదు, ఒక్కోసారి తోటి జడ్జీలకు కూడా తెలియదని ఆయన రాశారు. రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు దిక్కుల నుంచి, ఇద్దరు తెలుగువాళ్లు ఒకే మూసిన గదిని వేలెత్తి చూపారు. 2018 నుంచి 2022 డిసెంబర్ దాకా దేశంలోని హైకోర్టుల్లో చేరిన జడ్జీలు 537 మంది అని కేంద్ర న్యాయశాఖ చెప్పింది. వాళ్లలో బీసీలు 11 శాతం, ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం.